సమీక్ష పెట్టే ముందు: ముద్రణ వివరాలు, కథ ఎంతవరకు చెప్పాలి, ఉల్లేఖనలు, అచ్చుతప్పులు (చర్చ)

#1 పుటసంఖ్య (నిర్వహణ)

కొత్తగా సమీక్షలు రాసేవాళ్లు ఎక్కువయ్యారు, సంతోషం. చదివేవాళ్ల నుంచి మాత్రం మూడే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి: "ఇది ఏ ముద్రణ?", "కథంతా చెప్పేశారేమిటండీ?", "ఇంతకీ కొనాలా వద్దా?" ఈ మూడింటికీ జవాబు సమీక్షలోనే ఉండాలి. లేకపోతే అది సమీక్ష కాదు, చదివామని సంతకం.

ప్రతి సమీక్ష తలకట్టులో (పైన పెట్టే వివరాల పట్టీలో) వీటిని పెట్టమని ప్రతిపాదన:

పుస్తకం పేరు (అట్ట మీద ఎలా ఉంటే అలా), రచయిత పేరు (కలం పేరు, అసలు పేరు రెండూ), అనువాదమైతే అనువాదకుల పేరు, మూల భాష. ప్రచురణకర్త, ఊరు. మీ చేతిలో ఉన్న ప్రతి ఎన్నో ముద్రణ, ఏ సంవత్సరం. తొలి ప్రచురణ సంవత్సరం తెలిస్తే అది వేరే వరుసలో. పుటలు, వెల, ఐఎస్‌బీఎన్ (పుస్తకపు గుర్తింపు సంఖ్య) ఉంటే అది. చివరగా, పుస్తకం మీకెలా వచ్చింది: కొన్నదా, లైబ్రరీదా, రచయిత పంపిందా.

దీనికి ఏం కలపాలో, ఏం తీసేయాలో చెప్పండి. అనుభవాలు వద్దు, పద్ధతి చెప్పండి చాలు.

#2 మలికూర్పు

తలకట్టులో "ముద్రణ" అని ఒకటే గడి పెట్టారు. అక్కడే చిక్కు. ముద్రణ వేరు, కూర్పు వేరు. ఉన్నదున్నట్టు మళ్లీ అచ్చేస్తే అది పునర్ముద్రణ. రచయిత మార్చి, చేర్చి, తీసేసి వేస్తే అది కొత్త కూర్పు. మన ప్రచురణకర్తలు రెండింటికీ "ద్వితీయ ముద్రణ" అనే వేస్తారు. కాబట్టి సమీక్షకుడే చూసుకోవాలి.

ఎందుకింత పట్టింపు అంటే కన్యాశుల్కం చూడండి. తొలి కూర్పు 1897లో వచ్చింది, మలి కూర్పు 1909లో. గురజాడ మధ్యలో నాటకాన్ని దాదాపు తిరగరాశారు. ఈరోజు అంగళ్లలో దొరికేది, అందరూ తలుచుకునేది మలి కూర్పే. "1897లో రాసిన ఈ నాటకంలో మధురవాణి..." అని మొదలుపెట్టి 1909 పాఠం మీద తీర్పు చెబితే రచయిత పన్నెండేళ్ల శ్రమ లెక్కలోంచి ఎగిరిపోయినట్టే.

పత్రికలో ధారావాహికగా వచ్చి తర్వాత పుస్తకమైన నవలలదీ ఇదే సమస్య. వారం వారం వచ్చినప్పుడు ఉన్న అధ్యాయం పుస్తకంలో లేకపోవచ్చు. "అక్కడ కథ తెగినట్టుంది" అని రాసే ముందు అది పత్రిక పాఠమా పుస్తక పాఠమా అన్నది చెప్పండి.

#3 కొత్తచదువరి

పాత పుస్తకాల్లో సంవత్సరమే ఉండట్లేదు కదండీ. కొన్నిటి మీద "క్రోధి నామ సంవత్సరం" అని ఉంటుంది. దాన్ని తలకట్టులో ఎలా రాయాలి?

#4 మలికూర్పు

ఉన్నది ఉన్నట్టే రాసి, పక్కన మీ లెక్క వేయండి. లెక్క కష్టమేం కాదు. తెలుగు సంవత్సరాలు అరవై. ప్రభవ 1987 ఉగాదికి మొదలైంది. మీ సంవత్సరం వరుసలో ఎన్నోదో చూసి, అందులోంచి ఒకటి తీసేసి, 1987కి కలపండి. క్రోధి 38వది. 37 కలిపితే 2024. అంటే 2024 ఉగాది నుంచి 2025 ఉగాది దాకా. వెనక్కి వెళ్లాలంటే అరవయ్యేసి తీసేయడమే: 1964–65, 1904–05.

ఇక్కడ రెండు చోట్ల తప్పు పడుతుంది. ఒకటి, ఉగాదికి ముందు నెలలు. క్రోధి మాఘమాసం అంటే 1905లో పడుతుంది, 1904లో కాదు. అందుకే ఒకే అంకె వేయకుండా 1904–05 అని వేయడం మేలు. రెండోది, అరవయ్యేళ్ల తేడాలో ఏ ఆవృత్తమో తేల్చడం. దానికి పుస్తకమే సాక్ష్యం ఇస్తుంది:

వెల చూడండి. "రూ. 0-12-0" అని మూడు అంకెలుంటే అది రూపాయలు-అణాలు-పైలు, అంటే పన్నెండు అణాలు. దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. అణాల్లో వెల ఉందంటే దాదాపు ఖాయంగా అంతకు ముందుది. "న.పై." (నయా పైసలు) అని ఉంటే 1957 తర్వాతి తొలి ఏళ్లు. కాబట్టి క్రోధి, పన్నెండు అణాలు కలిసి కనిపిస్తే 1904–05 అని రాసుకోవచ్చు.

చిరునామా చూడండి. ఆరంకెల పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. అది ఉంటే పుస్తకం ఆ తర్వాతిదే. లేకపోతే మాత్రం ఏమీ రుజువు కాదు, చాలామంది ఏళ్లపాటు వేయలేదు. "మద్రాసు" బదులు "చెన్నై" అని ఉంటే 1996 తర్వాతిది అనుకోవచ్చు.

ఐఎస్‌బీఎన్ పది అంకెలుంటే 2007కి ముందు, పదమూడు ఉంటే సాధారణంగా ఆ తర్వాత. 2007 జనవరి నుంచి పదమూడంకెల పద్ధతి.

శాలివాహన శకం ఇచ్చి ఉంటే ఇంకా తేలిక. 78 కలపండి. శక 1826 అంటే 1904. పై లెక్కతో సరిపోయిందా లేదా ఇలా సరిచూసుకోవచ్చు.

ఒక జాగ్రత్త. ఆఫ్‌సెట్‌లో పాత పుటలనే ఫొటో తీసి మళ్లీ వేసిన ప్రతుల్లో లోపలి పుట పాతదే ఉంటుంది, అట్ట మీద వెల కొత్తది ఉంటుంది. అట్ట, లోపలి పుట ఒకదానికొకటి పొసగకపోతే రెండూ రాయండి. వెల మీద చీటీ అంటించి ఉంటే అట్టను వెలుతురుకు పెట్టి చూడండి, కింది అంకె చాలాసార్లు కనిపిస్తుంది.

#5 ఫారం16

మలికూర్పు గారి జాబితాకు అచ్చు వైపు నుంచి ఒకటి చేరుస్తాను. "నవల మధ్యలో రచయిత పట్టు తప్పాడు, ఒక పాత్ర హఠాత్తుగా మాయమైంది" లాంటి వ్యాఖ్య రాయబోయే ముందు పుటల అంకెలు చూసుకోండి. దయచేసి.

మన నవలలు ఎక్కువగా డెమీ 1/8లో వస్తాయి, సుమారు ఐదున్నర అంగుళాలు బై ఎనిమిదిన్నర. అందులో ఒక ఫారానికి (ఒకే పెద్ద కాగితం మీద అచ్చేసి మడిచే కట్టకు) 16 పుటలు. మొదటి ఫారం 1–16, ఆరోది 81–96, ఏడోది 97–112. బైండింగులో ఏడో ఫారం జారిపోతే 96 తర్వాత 113 వస్తుంది. కొన్నిసార్లు ఆరో ఫారమే రెండుసార్లు పడి, 96 తర్వాత మళ్లీ 81 మొదలవుతుంది. పీఠికలకు వేరే అంకెలు వేస్తే ఈ లెక్క కొద్దిగా అటూ ఇటూ అవుతుంది, కానీ ఖాళీ మాత్రం పదహారు లేదా దాని సగం, రెట్టింపుల్లోనే ఉంటుంది: 8, 16, 32. అలాంటి అంకె తగిలితే తప్పు రచయితది కాదు, బైండర్‌ది. పాత లెటర్‌ప్రెస్ (సీసపు అక్షరాలతో అచ్చేసిన) పుస్తకాల్లో ప్రతి ఫారం మొదటి పుట అడుగున ఎడమవైపు చిన్న అంకె కనిపిస్తుంది. అదే ఫారం సంఖ్య. అవి వరుసగా ఉన్నాయో లేదో చూస్తే అర నిమిషంలో తేలిపోతుంది.

ప్రతి మార్చి ఇమ్మని అమ్మినవాళ్లను అడగొచ్చు. సమీక్షలో "నా ప్రతిలో 97–112 లేవు" అని ఒక్క వాక్యం రాస్తే అదే ముద్రణ కొన్న మిగతావాళ్లూ చూసుకుంటారు.

అచ్చు నాణ్యత గురించి రాయదలచుకుంటే "క్వాలిటీ బాలేదు" అనకండి. ఏం బాలేదో చెప్పండి. గమ్ బైండింగా, కుట్టు బైండింగా? నాలుగు వందల పుటలు దాటిన గమ్ బైండింగ్ పుస్తకాన్ని పూర్తిగా విప్పి పరిస్తే వెన్ను చిట్లుతుంది. కాగితం పలచనై వెనక పుట అక్షరాలు కనిపిస్తున్నాయా? పుటకు ఎన్ని పంక్తులు? డెమీలో 28–32 పంక్తులుంటే హాయిగా చదవొచ్చు. 36 దాటితే అరవై దాటినవాళ్లకు ఇబ్బంది. ఈ అంకె ఒక్కటిస్తే చాలు, "ఫాంటు చిన్నది" అన్న ఫిర్యాదు కంటే ఎక్కువ పనికొస్తుంది.

#6 అట్టచివర

ముందుమాటల గురించి ఎవరూ మాట్లాడలేదేం? మన పుస్తకాలకు నాలుగేసి ముందుమాటలుంటాయి. సగం సమీక్షలు వాటి సారాంశాలే. ముందుమాట రాసినాయనకు రచయిత పిల్లనిచ్చినవాడో, ఆఫీసులో పై అధికారో తెలీదు. ఆ పొగడ్తను మనం రెండోసారి వడ్డించడం ఎందుకు?

పద్ధతి: ముందుమాటలు చివర చదవండి. సమీక్ష చిత్తు రాశాక చదవండి. అందులో మీకు తట్టని సంగతి ఉంటే, ఎవరు అన్నారో పేరు పెట్టి వాడుకోండి.

#7 పుటసంఖ్య (నిర్వహణ)

బావుంది. కథ ఎంతవరకు చెప్పాలన్న సంగతి కూడా తేల్చండి. ఎక్కువ గొడవలు దాని మీదే.

#8 అట్టచివర

నూటపాతికేళ్ల నాటకానికి స్పాయిలర్ ఏమిటండీ బాబూ.

#9 లైబ్రరీకార్డు

పుస్తకం పాతదైనా చదివేవాడు కొత్తవాడు కావచ్చు కదా అట్టచివర గారూ. పదో తరగతి పిల్ల కన్యాశుల్కాన్ని ఇవాళే మొదటిసారి తెరుస్తుంది. ఆ అమ్మాయికి ఎవరు ఎవరి వేషం కట్టారో ముందే ఎందుకు చెప్పాలి?

పనికొచ్చే కొలత ఇది: పుస్తకంలో మొదటి ఐదో వంతు వరకు జరిగింది చెప్పొచ్చు. 250 పుటల నవలలో 50వ పుట దాకా. ఆ తర్వాతిది చెప్పకపోతే మీ వాదన నిలబడదనుకుంటే, దాన్ని సమీక్ష చివర విడిగా "ఇక్కడి నుంచి ముగింపు చర్చ" అని రాసి, దాచిన భాగంగా పెట్టండి. శీర్షికలో, మొదటి రెండు వాక్యాల్లో మాత్రం ఎప్పుడూ వద్దు. జాబితాలో అవే బయటికి కనిపిస్తాయి.

మొత్తం సమీక్షలో కథ పాలు నాలుగో వంతు మించకూడదు. 600 పదాలు రాస్తే 150. మిగతా 450లో ఏం రాయాలో తోచకపోతే పుస్తకం ఇంకోసారి తిరగేయాలన్న మాట.

కథల సంపుటాలకు ఇంకో జబ్బు ఉంది. పదిహేను కథలకు పదిహేను వాక్యాలు రాసేస్తారు. అది విషయసూచికకు వ్యాఖ్యానం. మూడు కథలు తీసుకోండి: బాగా కుదిరినది, కుదరనిది, సంపుటి మొత్తానికి నమూనాగా నిలిచేది. ఒక్కోదానికి వంద పదాలు. మిగతావాటి గురించి రెండు వాక్యాలు సరిపోతాయి.

#10 కొత్తచదువరి

ఒక చిత్తు పెడుతున్నాను, దయచేసి మొహమాటం లేకుండా చెప్పండి.

"మహాకవి గురజాడ వారి కన్యాశుల్కం తెలుగు సాహిత్యంలో ఒక మణిపూస. ఇందులో ఆనాటి సామాజిక దురాచారాలను రచయిత కళ్లకు కట్టినట్లు చిత్రించారు. గిరీశం పాత్ర అద్భుతం. హాస్యం గిలిగింతలు పెడుతుంది. భాష కొంచెం కష్టంగా ఉన్నా ఆపకుండా చదివిస్తుంది. ప్రతి ఒక్కరూ తప్పక చదవాల్సిన పుస్తకం. 5/5."

#11 లైబ్రరీకార్డు

మొహమాటం లేకుండానే చెబుతాను. పేరు మార్చి చూడండి. "కన్యాశుల్కం" తీసేసి ఇంకేదైనా సాంఘిక నాటకం పేరు, "గిరీశం" తీసేసి దాని నాయకుడి పేరు పెట్టండి. ఒక్క వాక్యమైనా అబద్ధమవుతుందా? కాదు. అంటే ఇందులో కన్యాశుల్కం గురించి ఏమీ లేదు. ఏ చిత్తుకైనా ఈ పరీక్ష పెట్టొచ్చు. పేరు మార్చినా చెల్లే వాక్యాన్ని కొట్టేయడమే.

కొట్టేసి ఏం రాయాలి? "అద్భుతం" అని ఎక్కడ అనిపించిందో ఆ పుటకు వెళ్లండి. నాటకం తెరవగానే గిరీశం తన మీద తనే సాక్ష్యం చెబుతాడు: పూటకూళ్లమ్మకు సంతలో సామాన్లు కొనిపెడతానని ఇరవై రూపాయలు పట్టుకెళ్లి ఖర్చుపెట్టేశాడు. ఇప్పుడు ఊరు దాటాలి. ఇది రాస్తే "అద్భుతం" అన్న మాట అక్కర్లేదు. ఇలా చూడండి:

"గిరీశం మోసగాడని మనకు ఇంకెవరో చెప్పరు, మొదటి మాటల్లో తనే చెప్పుకుంటాడు. పూటకూళ్లమ్మ ఇరవై రూపాయలు మింగి విజయనగరం వదిలి పారిపోవడానికి, శిష్యుడు వెంకటేశానికి చదువు చెప్పే నెపం దొరుకుతుంది. ఆ ఇంట్లో తండ్రి అగ్నిహోత్రావధాన్లు చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకు డబ్బు తీసుకుని ఇవ్వబోతున్నాడు. పెద్దకూతురు బుచ్చమ్మ అప్పటికే వితంతువు. ఇంగ్లీషు ముక్కలు, సంస్కరణ ఉపన్యాసాలు తప్ప చేతిలో ఏమీ లేనివాడు ఆ గడపలో అడుగుపెట్టడమే నాటకం."

ఇక్కడ ఆపాలి. కరటకశాస్త్రి ఏం చేశాడన్నది చదివేవాళ్లకు వదిలేయండి. ఇది దాదాపు యాభై పదాలు. పుస్తకం దేని గురించో, హాస్యం ఎక్కడి నుంచి పుడుతోందో, ఆ హాస్యం కింద ఎవరి బతుకు నలుగుతోందో అన్నీ ఉన్నాయి.

"భాష కష్టం" అన్నది కూడా విప్పాలి. ఏది కష్టం? విజయనగరం ప్రాంతపు పలుకుబడా, మధ్యలో దొర్లే సంస్కృతమా, ఇంగ్లీషా? నాటకంలో మూడూ ఉన్నాయి. ఒక్కో పాఠకుడికి ఒక్కోటి అడ్డం పడుతుంది.

#12 గట్లనే

భాష ముచ్చట వచ్చింది గనక చెప్త. "అచ్చుతప్పులు ఎక్కువున్నయ్" అని రాసిన సమీక్షలల్ల సగం అచ్చుతప్పులు గావు, అది ఆ ఊరి మాట. "పోయిండు", "చేసిండు", "ఏడికి" కనవడితే తప్పు అని గుండ్రం గీస్తరు. రావిశాస్త్రి పాత్రలు ఉత్తరాంధ్ర మాట్లాడ్తయ్, నామిని చిత్తూరు మాట రాస్తడు, దాశరథి రంగాచార్య "చిల్లర దేవుళ్లు"ల తెలంగాణ మాట ఉంటది. ఒకనికి వచ్చిన తెలుగు ఒక్కటే తెలుగు గాదు.

తేడా ఎట్ల పట్టాల్నో చెప్త. ఒక మాట అనుమానం కొడితే అదే పుస్తకంల ఇంకో మూడు చోట్ల వెతుకుండ్రి. ప్రతిసారి అట్లనే ఉంటే, అందుల అదే పాత్ర నోట్లె ఉంటే, అది మాండలికం. ఒకసారి "చేసిండు", ఇంకోసారి అదే మనిషి నోట్లె "చేశాడు" ఉంటే, అప్పుడు ప్రూఫు చూసినోళ్లు దిద్దిండ్రా, రచయితే మారిండా అని అడగొచ్చు. ఒత్తు జారుడు, దీర్ఘం పోవుడు, ఒకే మాట రెండుసార్లు పడుడు, పేరా మధ్యల తెగుడు: గివి అచ్చుతప్పులు. పుట నంబరుతోని మూడు ఉదాహరణలు ఇయ్యుండ్రి. మూడు దొరకకుంటే ఆ వాక్యం తీసేయుండ్రి.

ఇంకోటి. "మాండలికం అర్థం కాలే" అని వదిలేసే బదులు పది మాటలు ఏరి, పక్కన అర్థం రాసి సమీక్ష కింద పెట్టుండ్రి. ఎన్కనుంచి వచ్చెటోళ్లకు సాయమైతది.

#13 పుటసంఖ్య (నిర్వహణ)

గట్లనే గారి మూడు ఉదాహరణల షరతు తలకట్టు నియమాల్లో చేరుస్తున్నాను. ప్రతికూల వ్యాఖ్య దేనికైనా అదే వర్తిస్తుంది: "సంభాషణలు కృతకం" అన్నా మూడు చోట్లు చూపాలి.

#14 న్యాయపీఠిక

ఉల్లేఖనల గురించి. భారత కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 52(1)(ఎ) ప్రకారం విమర్శ, సమీక్ష కోసం రచనలోంచి న్యాయంగా వాడుకోవచ్చు. "పది శాతం దాకా ఫర్లేదు", "రెండు వందల పదాలు దాటకూడదు" అని తిరిగే అంకెలు చట్టంలో లేవు. చూసేది ఏమిటంటే ఎంత తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, అది చదివాక పుస్తకం కొనే అవసరం పోతుందా అని.

ఆచరణలో: వచనంలోంచి రెండు మూడు చోట్ల, ఒక్కోటి నాలుగు పంక్తులు మించకుండా, పుట సంఖ్యతో. ప్రతి ఉల్లేఖన కింద దాని మీద మీ మాట కనీసం అంతే పొడవుండాలి. వ్యాఖ్య లేకుండా వరసగా ఏరి పెడితే అది సమీక్ష అని వాదించడం కష్టం. కవిత్వంలో ఇంకా జాగ్రత్త అవసరం. పన్నెండు పంక్తుల కవితలో పన్నెండూ పెడితే అది "కొంత భాగం" కాదు, మొత్తం రచన.

గడువు: రచయిత మరణించిన మరుసటి ఏడు నుంచి 60 ఏళ్లు. గురజాడ 1915లో పోయారు, ఆయన రచనలు ఎప్పుడో అందరివీ అయ్యాయి. విశ్వనాథ 1976లో, చలం 1979లో పోయారు. అంటే 2036, 2039 చివరి దాకా హక్కులు ఉన్నట్టే. "పాత పుస్తకమే కదా" అని పీడీఎఫ్ లింకు సమీక్ష కింద పెట్టడం వీటికి కుదరదు.

అనువాదాలకు రెండు లెక్కలు. శరత్‌బాబు (బెంగాలీ నవలాకారుడు శరత్‌చంద్ర ఛటోపాధ్యాయ) 1938లో పోయారు గనక బెంగాలీ మూలం స్వేచ్ఛగానే ఉంది. చక్రపాణి చేసిన తెలుగుకు మాత్రం హక్కు విడిగా ఉంటుంది. ఆయన 1975లో పోయారు. మూలం తేదీ చూసి తెలుగు పాఠాన్ని స్కాన్ చేయకండి. హక్కులు ఎలా ఉన్నా, "శరత్ శైలి ఎంత సరళం" అని రాసే ముందు మీరు చదివిన వాక్యం ఎవరిదో ఒకసారి తలుచుకోండి.

రచయిత పంపిన ఉచిత ప్రతి గురించి కూడా: ప్రకటనల ప్రమాణాలు చూసే అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021 మార్గదర్శకాలు ఉచితంగా వస్తువు అందడాన్ని కూడా ప్రకటనదారుతో ప్రచారకర్తకు ఉన్న సంబంధం కిందే లెక్కేశాయి. మనం వ్యాపార ప్రచారకులం కాకపోయినా ప్రతి ఉచితంగా వచ్చిందన్న మాట మొదటి వరుసలోనే చెప్పడం సుఖం. చివర చిన్న అక్షరాల్లో చెబితే అడిగేవాళ్లు అడుగుతూనే ఉంటారు.

#15 అరసున్న

ఇవన్నీ చేసి రాసిన సమీక్ష వెతికితే దొరకకపోతే ఏం లాభం? దొరకకపోవడానికి కారణాలు ఇవి, ఎక్కువగా తగిలే వరుసలో:

సమీక్షను బొమ్మగా పెట్టడం. ఫోన్లో రంగుల వెనకతెర మీద రాసి స్క్రీన్‌షాట్ పెడతారు. వెతుకులాటకు అందదు, చూపు లేనివాళ్ల స్క్రీన్ రీడర్ చదవదు. అట్ట బొమ్మ ఒకటి పెట్టండి, మాటలు మాటలుగానే పెట్టండి.

సున్న బదులు అంకె. "ం" అక్షరం వేరు, "౦" అనే తెలుగు అంకె వేరు. కంటికి ఒకేలా ఉంటాయి, కంప్యూటరుకు రెండూ వేర్వేరు సంకేతాలు. స్కాన్ నుంచి అక్షరాలు లాగే సాఫ్ట్‌వేర్ ఈ తప్పు తరచూ చేస్తుంది. కొన్ని కీబోర్డుల్లో చేతితోనూ జరుగుతుంది. "పుస్తక౦" అని ఉన్న పుట "పుస్తకం" అని వెతికితే రాదు.

అను ఫాంట్ల (డీటీపీకి వాడే పాత తెలుగు ఫాంట్ల) పాఠం. డీటీపీ ఫైలు నుంచి నేరుగా అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, ఎందుకంటే అది యూనికోడ్ కాదు. మార్పిడి చేసే ఉపకరణాలున్నాయి, కానీ మార్చాక వత్తులు, "ఱ", "ఁ" చేతితో సరిచూడాలి.

కనిపించని అక్షరం. "సాఫ్ట్‌వేర్"లో ట్ తర్వాత పొల్లు నిలబడటానికి జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఉంటుంది. లేకపోతే వ-వత్తు కిందికి దిగుతుంది. పుస్తకం పేరులో ఇది ఉంటే, లేని రూపాన్ని కూడా ట్యాగుగా ఇవ్వండి.

ఇక పేర్లు. "వేయిపడగలు", "వేయి పడగలు", "కన్యాశుల్కం", "కన్యాశుల్కము". రెండూ ట్యాగులుగా పెట్టండి. రచయితలకు ఇది మరీ అవసరం: శ్రీశ్రీ అని వెతికేవారు, శ్రీరంగం శ్రీనివాసరావు అని వెతికేవారు ఇద్దరూ ఉన్నారు. చాసోకు చాగంటి సోమయాజులు, ఆరుద్రకు భాగవతుల సదాశివ శంకర శాస్త్రి. బీనాదేవి అన్నది ఇద్దరు, భార్యాభర్తలు, కలిసి వాడిన పేరు. దాన్ని ఒక రచయిత్రిగా ట్యాగు చేస్తే సగం తప్పు. ట్యాగుల్లో ఇంటిపేరు ముందు రాస్తే మన లైబ్రరీల వరసతో కలుస్తుంది.

#16 లైబ్రరీకార్డు

లైబ్రరీల మాటొచ్చింది గనక: డ్యూయీ పద్ధతి (పుస్తకాలను విషయం వారీగా అంకెలతో వర్గీకరించేది) పాటించే చోట తెలుగు సాహిత్యం 894.827 కింద ఉంటుంది. పుస్తకం వెన్ను మీద ఆ చీటీ చూసి, మీ ఊళ్లో ఏ గ్రంథాలయంలో దొరికిందో సమీక్షలో రాయండి. అంగట్లో లేని పుస్తకానికి అదే పెద్ద సమాచారం. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నాటిది, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం 1898 నాటిది, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901 నాటిది. పాత ప్రతులు అలాంటి చోట్లే మిగిలాయి. కథ ఏ పత్రికలో మొదట వచ్చిందో కావాలంటే శ్రీకాకుళం కథానిలయం ఉంది, కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో తెరిచినది.

#17 ఫారం16

ఐఎస్‌బీఎన్ టైపు చేసేటప్పుడు ఒక అంకె జారితే వేరే పుస్తకానికి పోతుంది. సరిచూసుకోవడం తేలిక: పదమూడు అంకెలనూ ఎడమ నుంచి 1, 3, 1, 3 చొప్పున గుణించి కలపండి. మొత్తం చివర సున్నా రావాలి. రాకపోతే ఎక్కడో తప్పు కొట్టారు. భారతీయ ప్రచురణలకు 978 తర్వాత 81 లేదా 93 వస్తుంది. చిన్న ప్రచురణకర్తలు, సొంతంగా వేసుకున్న రచయితలు చాలామంది అసలు తీసుకోరు. అప్పుడు గడి ఖాళీగా వదలండి, అంగడివాళ్ల సొంత కోడ్ తెచ్చి అందులో పెట్టకండి.

#18 అట్టచివర

నక్షత్రాలు తీసేద్దామా? ఇక్కడ అన్నీ నాలుగున్నరలే. మూడు మాటలు చాలు: కొనండి, తెచ్చుకుని చదవండి, వదిలేయొచ్చు.

#19 గట్లనే

నేనొప్పుకోను. "వదిలేయొచ్చు" అంటే మొదటి పుస్తకం రాసినోడు ఏమైపోవాలె? ఎవరు వదిలేయొచ్చో చెప్పుండ్రి. "ఉద్యమ చరిత్ర తెలిసినోళ్లకు ఇందుల కొత్తది లేదు, తెలియనోళ్లకు మంచి మొదలు" అంటే ఇద్దరికీ దారి చూపినట్టు.

#20 పుటసంఖ్య (నిర్వహణ)

నక్షత్రాలు ఐచ్ఛికం. "ఎవరికి" అన్న గడి తప్పనిసరి. కొత్తచదువరి గారూ, మీ తలకట్టు మార్చి మళ్లీ పెడతారా?

#21 కొత్తచదువరి

పెడుతున్నాను.

కన్యాశుల్క౦, నాటకం. గురజాడ (గురజాడ వేంకట అప్పారావు).
పాఠం: మలి కూర్పు (1909). తొలి కూర్పు 1897, అది చదవలేదు.
నా ప్రతి: పునర్ముద్రణ, సంవత్సరం వేయలేదు. చిరునామాలో పిన్‌కోడ్ ఉంది కాబట్టి 1972 తర్వాతిది. ఐఎస్‌బీఎన్ లేదు. పుటల వరుస సరిగ్గా ఉంది, ఫారాలు చూశాను.
ఎలా వచ్చింది: జిల్లా గ్రంథాలయం.
ఎవరికి: నాటకం చదవడం అలవాటు లేనివాళ్లకు కూడా. సంస్కృతం, ఇంగ్లీషు ముక్కలకు కింద పది మాటల పట్టిక ఇచ్చాను.

#22 ఫారం16

పిన్‌కోడ్ పట్టారు, శభాష్.

#23 అరసున్న

మొదటి వరుసలోనే "కన్యాశుల్క౦" చివర ఉన్నది సున్న కాదండీ, అంకె.

#24 కొత్తచదువరి

మార్చాను. కన్యాశుల్కం.